ఇంజన్ విప్పనివ్వకండి, ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. మెయిన్ రోడ్డులో చిన్న బట్టల కొట్టు. నాలుగేళ్ల కిందట 9 లక్షల 80 వేలు పెట్టి నా పేరు మీద డీజిల్ కారు కొన్నాను. కంపెనీ వారంటీ అయిపోయింది గానీ ఐదేళ్ల దాకా ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టుకున్నాను. ఇంతవరకు ప్రతి సర్వీసూ ఆథరైజ్డ్ సెంటర్లోనే చేయించాను. పోయిన వారం మేనకోడలి పెళ్లికి విజయనగరం వెళ్లి, పనిలో పనిగా అక్కడి సెంటర్లో 60 వేల కిలోమీటర్ల సర్వీసుకి ఇచ్చాను. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చి 8,400 బిల్లు వేశారు. ఆ సాయంత్రమే బయల్దేరాం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వచ్చింది, ఆరింది, మళ్లీ వచ్చింది. వెనక లారీలు. చోటు చూసుకుని పక్కకి తీసేలోగా టకటకా చప్పుడు చేసి ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. మా బావమరిది కిందకి దూరి ఫోన్లో ఫొటోలు తీశాడు. డ్రెయిన్ బోల్టు దగ్గరంతా ఆయిలే, ఇంజన్ కింద ఆయిలు నిలిచే చాంబరుకి మాత్రం ఎక్కడా సొట్ట లేదు. టోయింగ్ బండి మీద తిరిగి అదే సెంటరుకి పంపాం. వాళ్లేమో 'ఘాట్‌లో రాయి తగిలి ఉంటుంది, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, సంతకం చేయండి' అంటున్నారు. ఇంజన్ విప్పడానికి ఇంకో సంతకం కావాలట. ఎస్టిమేటు 2 లక్షల 85 వేలు. కారు తయారుచేసిన కంపెనీకి మెయిల్ పెడితే 'డీలరు వేరే సంస్థ, వాళ్లనే సంప్రదించండి' అని జవాబు. కంపెనీ చేత కొత్త ఇంజన్ వేయించుకోవచ్చా? కేసు వేస్తే వాయిదాలకి విజయనగరం తిరగాలా? మామయ్యగారు 'పోనీ, దిష్టి పోయిందనుకో' అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మామయ్యగారి మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 2 లక్షల 85 వేల దిష్టి పగవాడికి కూడా వద్దు.

మీరు అడిగింది కంపెనీ గురించి. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టించినవి ఆ రెండు సంతకాలు. ఇది చదివేలోగా పెట్టేసి ఉండరనే ఆశతో అక్కడినుంచే మొదలుపెడతాను.

ముందు ఇన్సూరెన్స్. 'ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం' అన్న మాట వినడానికి సాయంలాగే ఉంటుంది. ఆ క్లెయిమ్ ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందో రాసే గడి ఒకటుంటుంది. అక్కడ వాళ్లే 'ఘాట్ రోడ్డులో రాయి తగిలి ఆయిల్ చాంబర్ దెబ్బతింది' అని నింపేస్తారు, కింద మీ సంతకం. దాంతో సర్వీసులో తప్పేమీ లేదని మీరే రాసిచ్చినట్టవుతుంది. రేపు కేసు నడిచేటప్పుడు అవతలి లాయరు మొదట బయటికి తీసేది ఆ కాగితమే. పోనీ ఇన్సూరెన్స్ డబ్బులైనా వస్తాయా? నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి కారు కిందకి తొంగి చూస్తాడు. సొట్ట లేదు, గీత లేదు. క్లెయిమ్ కొట్టేస్తాడు. మామూలు మోటారు పాలసీ ప్రమాదానికి డబ్బులిస్తుంది, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి ఇవ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ కట్టి ఉన్నా, అది సాధారణంగా ఇంజన్‌లోకి నీళ్లు పోయినప్పుడో, కింద దెబ్బ తగిలి ఆయిలు కారిపోయినప్పుడో పనికొస్తుంది. బోల్టు సరిగ్గా బిగించకపోతే దానికి సంబంధం లేదు. అంటే క్లెయిమూ పోతుంది, సర్వీస్ సెంటర్ మీద మీ కేసూ పోతుంది, పైగా జరగని ప్రమాదం జరిగిందని రాసిన తప్పు మీ మెడకి చుట్టుకుంటుంది. రాయి తగిలిందని మీరు నమ్మడం లేదు కదా. అలాంటప్పుడు ఎక్కడా రాయకండి. ఫోన్లో మొహమాటానికి 'ఏమో, తగిలిందేమో లెండి' అని కూడా అనకండి. ఈ రోజుల్లో ఆ ఫోన్లన్నీ రికార్డవుతున్నాయి.

ఇక ఇంజన్ విప్పే సంతకం. విప్పకుండా లోపల ఏం పోయిందో తెలియదన్న మాట నిజమే. కాబట్టి విప్పనే వద్దని మొండికేయమనను. మీ తరఫు మనిషి ఎదురుగా లేకుండా విప్పనివ్వకండి. పోస్టుమార్టం లాంటిదే ఇది కూడా, ఒక్కసారే చేయగలం.

ఎందుకింత పట్టుదల అంటే, లోపల ఏం జరిగి ఉంటుందో కాస్త చూడాలి. ఆయిల్ మార్చేటప్పుడు చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు తీసి పాత ఆయిలు దించుతారు. ఆ బోల్టు తల కింద రాగిదో అల్యూమినియందో సన్నటి వాషరు ఉంటుంది. అది నలిగి కూర్చుంటేనే సీలు పడుతుంది. అందుకే ఆయిలు మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వేయమని చాలా కంపెనీలు చెబుతాయి. టీ తాగే డబ్బులకి వచ్చే వస్తువు. పాత వాషరే మళ్లీ వేసినా, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాల్సిన బోల్టుని చేత్తో నాలుగు తిప్పులు తిప్పి 'తర్వాత బిగిద్దాం' అనుకుని పని చేసే కుర్రాడు ఇంకో బండి దగ్గరకి వెళ్లిపోయినా, మొదట చుక్కలు పడతాయి, తర్వాత ధార కడుతుంది. ఇంకో రకం తప్పు కూడా జరుగుతుంటుంది. డబ్బాలా ఉండే ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. కాసేపు ఆగుతుంది, ప్రెషర్ పెరిగాక ఆయిలు తన్నుకొస్తుంది. మీ బావమరిది ఫొటోలను బట్టి మీది బోల్టు కథే అనిపిస్తోంది. అయినా నడిచే బండిలో కారిన ఆయిలు గాలికి వెనక్కి కొట్టుకుపోయి అంతటా పూస్తుంది కాబట్టి, ఫిల్టరు దగ్గరా చూడాలి.

'విజయనగరం నుంచి సాలూరు దాకా సుబ్బరంగా వచ్చిన బండి ఘాట్‌లోనే ఎందుకు ఆగింది, రాయి తగలబట్టే కదా' అని వాళ్లు అడుగుతారు. వాళ్ల వాదనకున్న బలం అదొక్కటే. దానికి జవాబు ఉంది. చదును రోడ్డు మీద చాంబర్‌లో ఆయిలు బాగా తగ్గినా పంపుకి అందుతూనే ఉంటుంది. ఎక్కుడులో, మలుపుల్లో ఉన్న ఆ కాస్తా ఒక పక్కకి ఒరిగిపోతుంది, పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. 'వచ్చింది, ఆరింది, మళ్లీ వచ్చింది' అని మీరు రాశారే, సరిగ్గా అదీ ఈ లక్షణం. మలుపులో వెలిగి, బండి తిన్నగా అయ్యాక ఆరి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఫిర్యాదులో కూడా ఉన్నదున్నట్టు రాయండి, లాయరు చేత దిద్దించకండి. ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్ షాఫ్టుకీ, దాన్ని మోసే బేరింగులకీ మధ్య ఉండేది పల్చటి ఆయిలు పొర. అది తెగిపోతే లోహం లోహంతో రాసుకుని, వేడెక్కి, బేరింగ్ షాఫ్టుకి పట్టేస్తుంది. మీరు విన్న టకటకా అదే. కిందగేరులో లోడు లాగుతూ ఎక్కుతున్న ఇంజన్‌కి ఇది జరగడానికి ఎంతోసేపు అక్కర్లేదు.

మరి ఈ కథంతా చెప్పే సాక్షులు ఎవరు? ఆ బోల్టు, ఆ వాషరు, ఫిల్టరు రింగు, చాంబర్‌లో మిగిలిన ఆయిలు, నీలంగా మాడిన బేరింగులు. అన్నీ ఎవరి తప్పో తేలాల్సిన ఆ షెడ్డులోనే ఉన్నాయి. నేను ఎవరినీ దొంగ అనడం లేదు. షెడ్డు ఊడ్చేవాడు పాత వాషరు చెత్తలో కలిపేసినా చాలు, మీ కేసు సగం పోయినట్టే.

అందుకని ఇవాళే ఒక మెయిల్ పెట్టండి. సర్వీస్ సెంటర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ ఇద్దరికీ ఒకటే మెయిల్. అదే కాగితం మీద ప్రింటు తీసి అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో కూడా పంపండి. నా లిఖిత అనుమతి లేకుండా ఇంజన్ విప్పవద్దు అని రాయండి. బోల్టు, వాషరు, ఫిల్టరు, చాంబర్, మిగిలిన ఆయిలు ఉన్నవి ఉన్నట్టు ఉంచమనండి. నా తరఫు సర్వేయరు, కంపెనీ ఇంజనీరు, మీ వర్క్స్ మేనేజరు ముగ్గురూ ఉండగా తనిఖీ జరగాలి, తేదీ చెప్పండి అనండి. సర్వీసు జరిగిన రోజు మీ బండి నిలబెట్టి పని చేసిన చోటు మీదున్న సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని కూడా అడగండి. అది కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది, వారమే అయింది కాబట్టి ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. అలాగే స్కానరు పెట్టి ఇంజన్ కంప్యూటర్లో ఉన్న ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు, కోడ్‌లు చెరపకముందే, మీకు ఇవ్వమనండి. లోపం నమోదైన క్షణంలో ఇంజన్ స్పీడు ఎంత, వేడి ఎంత అన్నవి చాలా కార్లలో దాంతోపాటే దాచి ఉంటాయి.

మెయిల్ వెళ్లాక వాళ్లు 'రోజుకింత పార్కింగ్ చార్జీ పడుతుంది' అని మెసేజ్ పెడతారు. కంగారు పడకండి. 'తనిఖీ తేదీ అడిగాను, ఆలస్యం మీది' అని ఒక్క వాక్యం తిరిగి రాసి ఊరుకోండి. ఈ తగాదాలో మాట్లాడినదాని కన్నా రాసినదానికే విలువ.

టోయింగ్ బండి దించినప్పుడు జాబ్ కార్డు, అంటే షెడ్డుకి వచ్చిన బండి వివరాలు రాసే కాగితం, తెరిచి ఉంటారు. దాని మీద 'కస్టమర్ వాయిస్' అని ఒక గడి ఉంటుంది, మీరేం చెప్పారో రాసేది. చాలాసార్లు అక్కడ బండి తీసుకునే సర్వీస్ అడ్వైజరు 'వెహికల్ నాట్ స్టార్టింగ్' అని మూడు ముక్కలు కొట్టి వదిలేస్తాడు. మీ కాపీ తీసి చూడండి. అలాగే ఉంటే, 'సర్వీసు చేయించి డెలివరీ తీసుకున్న రోజే ఆయిలు కారిపోయి ఇంజన్ పట్టేసింది, సర్వీసులో లోపమని కస్టమర్ ఫిర్యాదు' అని ఎక్కించమనండి. ఎక్కించకపోతే, ఎక్కించలేదని మెయిల్ పెట్టండి. సర్వీసు నాటిదీ ఇదీ, రెండు జాబ్ కార్డుల మీదా కిలోమీటర్ల రీడింగ్ ఉంటుంది. మీరు ఎక్కువ చెప్పనక్కర్లేకుండా, సర్వీసుకీ ఇంజన్ చావుకీ మధ్య ఎంత దూరమో ఆ రెండు అంకెలే చెబుతాయి.

మీ తరఫు మనిషి ఎవరు? వీధి చివర మెకానిక్ ఎంత పనివాడైనా వినియోగదారుల కమిషన్ ముందు ఆయన మాట నిలవదు. మీ జిల్లా సునాబెడాలో హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్లు 1960ల నుంచీ మిగ్ విమానాల ఇంజన్లు చేస్తున్నారు, అక్కడ రిటైరైనవాళ్లు మీ చుట్టాల్లోనే ఉండి ఉంటారు. బేరింగు చూసి ఏం జరిగిందో చెప్పగలరు కూడా. వెంట తీసుకెళ్లండి, కానీ రిపోర్టు మాత్రం ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్న స్వతంత్ర మోటారు సర్వేయరు చేతే రాయించండి. ఫీజు మీ జేబులోంచే పోతుంది, రసీదు దాచుకుని తర్వాత క్లెయిమ్‌లో కలపండి. లేదంటే ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగాన్ని లెటరుతో అడగొచ్చు. విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, బరంపురంలో పర్లా మహారాజా కాలేజీ ఉంది. తనిఖీకి వాళ్లు సహకరించకపోతే కేసు వేసి, ఇంజన్‌ను అలాగే ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు, నిపుణుడి చేత పరీక్ష చేయించమనీ కోరవచ్చు. ఆ అధికారాలు కమిషన్‌కి ఉన్నాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కంపెనీ. మీకు నచ్చే జవాబు కాదు ఇది. 'ఆథరైజ్డ్' అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ షెడ్డులో జరిగే ప్రతి తప్పూ తయారీ కంపెనీ ఖాతాలో పడదు. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గోవాలో ఒకాయనకి డీలరు 2011 మోడల్ అని డబ్బులు తీసుకుని 2009లో తయారైన కారు అంటగట్టాడు. కింది కమిషన్లు డీలరుతో పాటు కంపెనీనీ బాధ్యుల్ని చేశాయి. సుప్రీంకోర్టు కంపెనీని తప్పించింది. ఒప్పందం ప్రకారం డీలరు వ్యాపారం డీలరుది, కంపెనీ వ్యాపారం కంపెనీది, డీలరు చేసింది కంపెనీకి తెలుసని ఫిర్యాదులో చెప్పి రుజువు చేస్తే తప్ప దాన్ని బాధ్యుల్ని చేయలేమంది. మీకొచ్చిన మెయిల్ జవాబు ఎవరో గుమాస్తా తోచింది రాసింది కాదన్నమాట, ఆ తీర్పు చూసుకునే రాస్తారు.

కొందరు లాయర్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'ప్రొడక్ట్ లయబిలిటీ' అధ్యాయం ఉంది కదా, కంపెనీని దాని కింద పట్టుకుందాం అంటారు. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ మీకు అది పనిచేయదు. ఆ అధ్యాయంలో 'హాని' అంటే ఏమిటో చట్టమే చెప్పింది: ఆ వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో జరిగిన నష్టం. వస్తువుకే జరిగిన నష్టాన్ని అందులోంచి తీసేసింది. దేవుడి దయవల్ల ఘాట్‌లో మీకెవరికీ ఏమీ కాలేదు, పోయింది ఇంజనే. కాబట్టి మీ ఫిర్యాదు వెన్నెముక 'సేవా లోపం', అంటే సర్వీస్ సెంటర్ మీద. మొదటి ప్రతివాది వాళ్లే.

అయినా కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చమనే అంటాను. మీ చేతిలో ఉన్న ఎక్స్‌టెండెడ్ వారంటీయే దానికి కారణం. ముందు ఆ కాగితం ఎవరి పేరుతో ఉందో చూడండి. ఒక్కోసారి అది డీలరుదో, ఇన్సూరెన్స్ కంపెనీదో అయి ఉంటుంది. అప్పుడు వాళ్లని కూడా చేర్చాలి. తయారీ కంపెనీదే అయితే మీ మాట సూటిగా ఉంటుంది: 'మీ వర్క్‌షాపుల్లోనే సర్వీసు చేయించకపోతే వారంటీ పోతుందన్నారు. ప్రతిసారీ అక్కడే చేయించాను. ఇప్పుడు ఆ వర్క్‌షాపు తప్పు వల్లే పోయింది కాబట్టి వారంటీ రాదంటే ఎలా?' ఆయిలు లేక పోయిన ఇంజన్‌కి వర్తించదని బుక్‌లెట్‌లో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. అది కస్టమర్ నిర్లక్ష్యానికి రాసుకున్న షరతు, ఆయిలు నింపమని వాళ్ల చేతికే బండి ఇచ్చినవాడికి వర్తించదు అని వాదించడానికి బాగా చోటుంది. గ్యారంటీగా గెలుస్తారని చెప్పను, గట్టి వాదన అని మాత్రం చెప్పగలను.

ఇంకో విషయం. సర్వీసు రోజున కంపెనీకి ఏమీ తెలియదు, నిజమే. మీ మెయిల్ అందాక మాత్రం తెలియదనడానికి లేదు. కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజరు వచ్చి చూశాడా, ఏం రాశాడు, సొట్ట లేని చాంబర్‌కి 'ఎక్స్‌టర్నల్ ఇంపాక్ట్' (బయటి దెబ్బ) అని సంతకం పెట్టాడా, అసలు రానే లేదా? ఇవన్నీ తేదీలతో ఫిర్యాదులో రాయండి. 2021 తీర్పు అడిగింది అలాంటి వివరాలనే.

కేసు కన్నా ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. పెద్ద కంపెనీలకి ఆ ఫిర్యాదులు చూసే మనుషులు వేరే ఉంటారు కాబట్టి, కస్టమర్ కేర్‌లో కదలని ఫైలు అక్కడ కదలడం మామూలే. ఆ ఫిర్యాదు నంబరు కూడా మీ కాగితాల్లో చేరుతుంది.

వాయిదాలకి విజయనగరం తిరగాలేమో అన్న బెంగ అక్కర్లేదు. పాత 1986 చట్టంలో అయితే ఆ ఇబ్బంది ఉండేది, అవతలివాళ్లు వ్యాపారం చేసే చోటో, తగాదా పుట్టిన చోటో వేయాల్సి వచ్చేది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోట, పని చేసుకునే చోట కూడా వేయవచ్చు. సర్వీసు ఆంధ్రలో చేయించినా, కోరాపుట్ జిల్లా కమిషన్ కూర్చునేది మీ జయపురంలోనే. విజయనగరం వాళ్లే ఘాట్ ఎక్కి రావాలి. (మహారాష్ట్రలోని సిరోంచ నుంచి కూడా ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి. వాళ్ల లెక్క తిరగబడుతుంది. గడ్చిరోలి జిల్లా కేంద్రం వాళ్లకి చాలా దూరం, గోదావరి దాటితే తెలంగాణ. సర్వీసు తెలంగాణలో చేయించి ఉంటే అక్కడే వేసుకోవడం నయం. చట్టం రెండు దారులూ ఇచ్చింది.) ఒక చిన్న జాగ్రత్త: అడ్వైజరుతో మీ వాట్సాప్ మాటలు తెలుగులో ఉంటాయి కదా, వాటికి ఇంగ్లీషు అనువాదం జత చేయండి.

ఖర్చు గురించి భయపడకండి. ఫీజు మీరు అడిగే పరిహారం మీద వేయరు, మీరు చెల్లించిన ధర మీద వేస్తారు. సర్వీసు బిల్లు 8,400 ఒక్కటే లెక్కిస్తే ఫీజే లేదు, 5 లక్షల దాకా ఉచితం. కంపెనీని కూడా చేర్చి కారు ధర 9 లక్షల 80 వేలు చూపిస్తే 200 రూపాయలు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. లాయరు తప్పనిసరి కాదు. అయినా నిపుణుడి రిపోర్టు మీద ప్రశ్నలు పడే కేసు కాబట్టి పెట్టుకోమనే చెబుతాను. గడువు రెండేళ్లు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాల సంగతి కొట్టు నడిపేవారు, మీకు తెలియనిది కాదు, అంతకు ఎక్కువే పడుతుందని లెక్క వేసుకోండి.

'బట్టల కొట్టుకి వాడే కారు, వ్యాపార వాహనం, వీళ్లు వినియోగదారులే కారు' అని అవతలివాళ్లు ఒక రాయి వేస్తారు. కారు మీ పేరు మీద ఉంది, సొంత బోర్డు (టాక్సీ బండి కాదు), ఇంటి అవసరాలకి. అలాగే రాయండి. ఎప్పుడైనా రెండు బేళ్లు వేసుకొచ్చి ఉంటే దాచకండి. సొంత జీవనోపాధికి వాడుకునేవాళ్లని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

ఎర్ర లైటు గురించి కూడా అంతే నిజాయితీ కావాలి. వాళ్ల రెండో ఆయుధం అది: 'లైటు వచ్చాక కూడా నడిపాడు'. 'వెంటనే ఆపేశాను' అని ఫిర్యాదులో గొప్పగా రాసి, ఇంజన్ కంప్యూటర్లో వేరేలా తేలితే మిగతా నిజాలు కూడా అనుమానంలో పడతాయి. మీరు నాకు రాసినట్టే రాయండి: లైటు వచ్చి ఆరింది, వెనక లారీలు, ఆపే చోటు చూసుకున్నాను. సుంకి ఘాట్ ఎక్కినవాళ్లెవరికైనా అది అర్థమవుతుంది. దీనివల్ల పరిహారం కొంత తగ్గించే అవకాశం లేకపోలేదు, కానీ బోల్టు వదులుగా ఉన్న సంగతి దానితో మాసిపోదు.

ఏం అడగాలి? కొత్త కారు మాత్రం అడగకండి. కోపంలో చాలామంది అదే అడిగి కేసు పలచన చేసుకుంటారు. వారంటీ బాగుచేయడానికో, పాడైన భాగం మార్చడానికో ఉన్నప్పుడు బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు మారుతీ కేసులో చెప్పేసింది. ఉచితంగా ఇంజన్ మార్చడం లేదా దానికయ్యే మొత్తం, సర్వీసు బిల్లు, టోయింగ్, సర్వేయరు ఫీజు, ఈ మధ్యలో అద్దె కార్లకి అయిన ఖర్చు, మానసిక వేదనకి కొంత, కేసు ఖర్చులు. అద్దె కారుకి ఫోన్‌పేలో కట్టినా సరే, బిల్లు అడిగి తీసుకోండి.

నా అంచనా ఏమిటంటే, తనిఖీ మెయిల్ వెళ్లి 1915 ఫిర్యాదు నమోదయ్యాక మీకు ఫోన్ వస్తుంది. 'గుడ్‌విల్ కింద పార్టుల్లో సగం కంపెనీ పెట్టుకుంటుంది, లేబర్ మేం వదిలేస్తాం, మిగతాది మీరు కట్టండి' అంటారు. గుడ్‌విల్ అంటే హక్కు కింద ఇవ్వడం లేదు, దయ తలచి ఇస్తున్నాం అని. మొదటి మాటకే ఒప్పుకోకండి. చాంబర్ ఫొటో, రెండు జాబ్ కార్డులు మీ దగ్గరున్నప్పుడు సగం మీరెందుకు కట్టాలి? పార్టులు, లేబర్ మొత్తం వాళ్లే భరించి, అద్దె కార్ల ఖర్చు, మానసిక వేదన మాత్రం వదులుకోమంటే, నేనైతే రాజీ పడమనే చెబుతాను. ఏడాది పాటు జయపురం కోర్టు మెట్లెక్కడం కన్నా బండి ఇంటి ముందుండటం మేలు.

రాజీ అయితే కాగితం మీద మూడు మాటలు ఉండాలి. వేసే ఇంజన్ కొత్తదా, పాతది విప్పి బాగుచేసినదా అన్నది ఒకటి. షెడ్డు భాషలో 'హాఫ్ ఇంజన్' అంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్లు కొత్తవి, హెడ్డు మీ పాతదే, కాబట్టి హెడ్డు పరీక్షించారో లేదో అడగండి. ఆయిలు లేకుండా తిరిగిన ఇంజన్‌లో టర్బో కూడా దెబ్బతిని ఉండొచ్చు, దాన్నీ చూడమనండి. వేసిన భాగాలకి ఎన్నాళ్లు వారంటీ అన్నది రెండోది. మూడోది ఇంజన్ నంబరు. కొత్త బ్లాకు వేస్తే నంబరు మారుతుంది. ఆ నంబరు బిల్లు మీద రాయించుకుని, కంపెనీ లెటరుతో కోరాపుట్ ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించాలి. ఆంధ్రలో బిగించిన ఇంజన్‌కి ఒడిశా (ఓడీ) నంబరు బండి ఆర్సీ మార్చాలంటే ఆ లెటరు లేకుండా గుమాస్తా ఫైలు ముట్టుకోడు. బండి ఘాట్ ఎక్కకముందే, విజయనగరంలోనే అది చేతిలో పెట్టించుకోండి.